చిగుళ్ళపై ఏర్పడే కంతులు

చిగుళ్ళపై ఏర్పడే నిరపాయకరమైన కంతులను వైద్యశాస్త్రంలో ఎపులిస్ అంటారు. ఇది గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. "చిగురుపైన ఉన్నది" అని దీని అర్థం. ఈ పేరు కంతి ఉన్న చోటును మాత్రమే తెలుపుతుంది, దాని స్వభావాన్ని తెలుపదు. అందువలన ఒకే పేరు కింద పలు రకాల కంతులు చేరి ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం కాన్సరుకు సంబంధించినవి కావు. పాచి, గార, పదునైన పంటి అంచు, సరిగా అమరని కట్టుడు పళ్ళు వంటివాటి వలన కలిగే దీర్ఘకాలిక ఒరిపిడికి చిగురు కణజాలం ప్రతిస్పందించి అతిగా పెరగడమే వీటికి మూలం. అయితే చిగురు కాన్సరు కూడా తొలిదశలో ఇటువంటి చిన్న కంతి రూపంలోనే కనిపించవచ్చు. కంటితో చూసి ఈ రెంటినీ నిశ్చయంగా వేరు చేయడం సాధ్యం కాదు కనుక, కోసి తీసిన ప్రతి కంతినీ సూక్ష్మదర్శిని కింద పరీక్షించడం వైద్యంలో ముఖ్య నియమం.

పేర్లు

పంటి మొదలును చుట్టి ఉండే మెత్తని కండకు చిగురు, ఇగురు అనే రెండు మాటలూ తెలుగులో ఉన్నాయి. చిగుళ్ళపై కంతి పుట్టినప్పుడు జనం "చిగురు పెరిగింది", "పంటి దగ్గర కండ పెరిగింది", "పంటి దగ్గర గడ్డ లేచింది" అని చెబుతారు. ఈ మాటలలో చీముగడ్డ, వాపు, కంతి అన్నీ కలిసిపోతాయి. వైద్యుని దృష్టిలో ఇవి వేరువేరు. చీముగడ్డ కొద్ది రోజులలో లేచి, నొప్పి పెట్టి, పగిలి తగ్గుతుంది. కంతి వారాల తరబడి, నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది, సాధారణంగా నొప్పి ఉండదు.

ప్రాచీన భారతీయ వైద్యంలో కూడా చిగుళ్ళ వ్యాధులకు ప్రత్యేక స్థానం ఉంది. సుశ్రుత సంహితలోని నిదానస్థానం నోటి వ్యాధులను 65గా లెక్కించి, వాటిలో 15 వ్యాధులను దంతమూలానికి, అంటే చిగుళ్ళకు, చెందినవిగా పేర్కొన్నది. రెండు మూడు పళ్ళ మొదళ్ళలో వచ్చే పెద్ద వాపును దంతపుప్పుటమనీ, చివరి దవడపంటి వద్ద కండ వాచి నొప్పి కలిగించడాన్ని అధిమాంసమనీ వర్ణించింది. ఇవి నేటి వర్గీకరణలోని కంతులతో సరిగ్గా సరిపోలవు. అయినా చిగురు వాపులను విడివిడిగా గుర్తించాలనే దృష్టి ఆనాటికే ఉన్నదని వీటివలన తెలుస్తుంది.

చిగురు నిర్మాణం

ఆరోగ్యవంతమైన చిగురు గట్టిగా, పంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. దాని ఉపరితలం కమలాపండు తొక్కవలె సన్నని గుంటలతో కనిపిస్తుంది. రంగు లేత గులాబి. మన ప్రాంతపు ప్రజలలో చాలామందికి మెలనిన్ అనే వర్ణకం వలన చిగుళ్ళు ముదురు గోధుమ రంగులోనో, నలుపు మచ్చలతోనో ఉంటాయి. ఇది రోగం కాదు.

రెండు పళ్ళ నడుమ త్రికోణాకారంలో పైకి లేచి ఉండే చిగురు భాగాన్ని దంతాంతర చిగురు అంటారు. ఆహారపు తునకలు, పాచి ఎక్కువగా నిలిచేది ఇక్కడే. కంతులు కూడా ఎక్కువగా ఇక్కడి నుంచే పుడతాయి. చిగురు అడుగున ఎముకను కప్పి ఒక పలుచని పొర, పంటి వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఉంటాయి. కొన్ని కంతుల మూలం ఈ లోపలి పొరలలో ఉంటుంది. పైకి కనిపించే భాగాన్ని మాత్రమే కోసివేస్తే కంతి మళ్ళీ పెరగడానికి కారణం ఇదే.

కారణాలు

పంటిపై పేరుకొనే సూక్ష్మజీవుల పొరను పాచి అంటారు. దానిని రోజూ తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజ లవణాలు చేరి గట్టిపడి గార అవుతుంది. గార గరుకుగా ఉండి చిగురును నిరంతరం ఒరుస్తుంది. శరీరం ఈ గాయాన్ని మాన్పడానికి కొత్త రక్తనాళాలను, నారకణాలను పుట్టిస్తుంది. కారణం తొలగకపోతే మాన్పే పని ఆగదు. అలా అవసరానికి మించి పెరిగిన కణజాలమే కంతి. ముఖ్యమైన కారణాలు ఇవి:

* పాచి, గార
* పుచ్చి విరిగిన పంటి అంచు, ఎక్కువ తక్కువగా నింపిన పంటి సిమెంటు, అంచు సరిపడని తొడుగులు
* వదులైన లేదా ఒరుసుకొనే కట్టుడు పళ్ళు
* గర్భధారణ, యౌవనారంభం వంటి దశలలో హార్మోనుల మార్పు
* కొన్ని మందుల దీర్ఘకాల వాడకం
* అరుదుగా వంశపారంపర్యం

2017లో జరిగిన అంతర్జాతీయ సమావేశం రూపొందించి, 2018లో ప్రచురించిన చిగుళ్ళ వ్యాధుల వర్గీకరణ ఈ కంతులను "ప్రతిస్పందన వృద్ధులు" అనే తరగతిలో చేర్చింది. అందులో నార కంతి, సున్నపు కంతి, రక్తనాళ కంతి, మహాకణ కంతి అనే నాలుగింటిని పేర్కొన్నది.

రకాలు

నార కంతి

ఇది గట్టిగా, నునుపుగా, చిగురు రంగులోనే ఉంటుంది. నొప్పి ఉండదు, తేలికగా రక్తం కారదు. సన్నని కాడతోగాని, వెడల్పైన పీఠంతోగాని చిగురును అంటి ఉంటుంది. సూక్ష్మదర్శినిలో దట్టమైన కొలాజెన్ నారలు కనిపిస్తాయి. సంవత్సరాల తరబడి ఒకే పరిమాణంలో ఉండిపోవచ్చు. పెద్దలలో ఎక్కువ.

రక్తనాళ కంతి

దీనికి పయోజెనిక్ గ్రాన్యులోమా అని పేరు. ఈ పేరు తప్పుదారి పట్టించేది. "పయోజెనిక్" అంటే చీము పుట్టించేది అని అర్థం, కాని ఇందులో చీము ఉండదు. 1897లో ఫ్రెంచి వైద్యులు పోన్సె, డోర్ మొదట వర్ణించినప్పుడు దీనిని ఒక సూక్ష్మజీవి వలన కలిగే వ్యాధిగా భావించారు. 1904లో అమెరికా వైద్యుడు హార్ట్‌జెల్ ఇప్పటి పేరు పెట్టాడు. ఆ భావన సరికాదని తరువాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇది ఎర్రగా, మెత్తగా ఉంటుంది. పళ్ళు తోముకొనేటప్పుడు, గట్టి పదార్థం నమిలేటప్పుడు సులభంగా రక్తం కారుతుంది. కొద్ది వారాలలోనే త్వరగా పెరగడం వలన రోగి భయపడతాడు. నోటిలో వచ్చే ఈ రకపు కంతులలో దాదాపు నాలుగింట మూడు వంతులు చిగుళ్ళపైనే వస్తాయి. పై దవడ ముందు భాగంలో ఎక్కువ. స్త్రీలలో ఎక్కువ. చాలాకాలం అలాగే ఉంటే క్రమంగా రక్తనాళాలు తగ్గి, నార పెరిగి, నార కంతివలె గట్టిపడుతుంది.

గర్భిణుల కంతి

గర్భిణులలో వచ్చే రక్తనాళ కంతినే ఈ పేరుతో పిలుస్తారు. నిర్మాణంలో రెంటికీ భేదం లేదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోనులు పెరగడం వలన చిగుళ్ళలోని రక్తనాళాలు కొద్దిపాటి పాచికి కూడా తీవ్రంగా స్పందిస్తాయి. సాధారణంగా మొదటి మూడు నెలలు ముగిసే వేళకు మొదలై, నెలలు నిండే కొద్దీ పెరుగుతుంది. ప్రసవం తరువాత చాలావరకు దానంతట అదే కుంచించుకుపోతుంది. దీనివలన గర్భస్థ శిశువుకు హాని లేదు. పదేపదే రక్తం పోవడం, నమలలేక ఆహారం తగ్గించడం మాత్రం అసలే రక్తహీనత ఉన్న తల్లికి మంచిది కాదు.

సున్నపు కంతి

దీనిని పెరిఫెరల్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అంటారు. నారకణాల మధ్య ఎముకవంటి, పంటి సిమెంటువంటి గట్టి రేణువులు ఏర్పడడం దీని ప్రత్యేకత. 10 నుంచి 19 సంవత్సరాల వయసువారిలో, అందులోనూ బాలికలలో ఎక్కువ. కుంతకాలు, రదనికల నడుమ చిగురుపై వస్తుంది. పంటి వేరును పట్టి ఉంచే నారపొర నుంచి పుడుతుందని భావిస్తున్నారు. పెద్దదైతే పళ్ళను పక్కకు నెట్టుతుంది. శస్త్రచికిత్స తరువాత 8 నుంచి 20 శాతం మందిలో తిరిగి వస్తుందని పరిశీలనలు తెలుపుతున్నాయి.

మహాకణ కంతి

అనేక కేంద్రకాలు గల పెద్ద కణాలు ఇందులో కనిపిస్తాయి కనుక ఈ పేరు. ఇది ముదురు ఎరుపు లేక నీలి ఊదా రంగులో ఉంటుంది. చిగురుపైన, పళ్ళు ఊడిన దవడ గట్టుపైన తప్ప నోటిలో మరెక్కడా రాదు. కింది దవడలో, 40 సంవత్సరాలు దాటినవారిలో, స్త్రీలలో కొంత ఎక్కువ. అడుగునున్న ఎముకను గిన్నె ఆకారంలో కొద్దిగా తొలిచివేయవచ్చు.

పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే వ్యాధిలో కూడా దవడ ఎముకలో ఇటువంటి మహాకణాలున్న కంతులు వస్తాయి. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా ఉంటాయి. అందువలన మహాకణ కంతి అని తేలినప్పుడు, ముఖ్యంగా అది తిరిగి వచ్చినా, ఒకటికంటె ఎక్కువ చోట్ల ఉన్నా, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు చేయిస్తారు. మూత్రపిండాలు దీర్ఘకాలంగా దెబ్బతిన్నవారిలో ఇది గుర్తుంచుకోదగిన విషయం.

పుట్టుకతో వచ్చే కంతి

శిశువు పుట్టినప్పుడే దవడ గట్టుపై కనిపిస్తుంది. 1871లో జర్మన్ రోగనిదాన శాస్త్రజ్ఞుడు నాయ్‌మన్ దీనిని వర్ణించాడు. చాలా అరుదు. ఆడశిశువులలో మగశిశువులకంటె ఎనిమిది నుంచి పది రెట్లు ఎక్కువ. పై దవడలో ఎక్కువ. పెద్దదైతే పాలు తాగడానికి, శ్వాసకు అడ్డుపడుతుంది, అప్పుడు తీసివేస్తారు. చిన్నదైతే దానంతట అదే తగ్గవచ్చు. పుట్టిన తరువాత పెరగదు, పూర్తిగా తీయకపోయినా తిరిగి రాదు.

కట్టుడు పళ్ళ మడతలు

వదులైన కట్టుడు పళ్ళ అంచు ఒరుసుకొని, చిగురు చెంపను కలిసే చోట మడతలు మడతలుగా కండ పెరుగుతుంది. ఒకే పళ్ళ సెట్టును పది పదిహేనేళ్ళు మార్చకుండా వాడే వృద్ధులలో కనిపిస్తుంది. పళ్ళు ఊడిన తరువాత దవడ ఎముక క్రమంగా అరుగుతూ ఉంటుంది కనుక, ఒకప్పుడు సరిగా అమరిన సెట్టు కూడా కొన్నేళ్ళకు వదులవుతుంది.

చిగుళ్ళన్నీ పెరగడం

ఒక చోట కంతిగా కాక చిగుళ్ళన్నీ ఉబ్బి పళ్ళను కప్పివేసే స్థితి వేరొకటి. దీనికి ముఖ్య కారణాలు మందులు, వంశపారంపర్యం, రక్త వ్యాధులు.

* '''మందులు:''' మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వలన చిగుళ్ళు పెరుగుతాయని 1939లో మొదట గుర్తించారు. ఈ మందు వాడేవారిలో దాదాపు సగం మందికి ఎంతో కొంత పెరుగుదల ఉంటుంది. రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్, అవయవ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయి. మందు మొదలుపెట్టిన ఒకటి నుంచి మూడు నెలలలో పెరుగుదల కనిపించడం మొదలవుతుంది. నోరు శుభ్రంగా ఉంచుకొనేవారిలో తక్కువగా ఉంటుంది.
* '''వంశపారంపర్యం:''' కొన్ని కుటుంబాలలో పిల్లలకు శాశ్వత దంతాలు వచ్చే వయసులో చిగుళ్ళు గట్టిగా, దళసరిగా పెరిగి పళ్ళను మూసివేస్తాయి. కొన్ని కుటుంబాలలో దీనికి ఎస్.ఓ.ఎస్.1 అనే జన్యువులోని లోపం కారణమని 2002లో కనుగొన్నారు.
* '''రక్త కాన్సరు:''' కొన్ని రకాల తీవ్ర ల్యుకేమియాలో చిగుళ్ళు త్వరగా ఉబ్బి, పాలిపోయి, ఆగకుండా రక్తం కారుతుంది. జ్వరం, నీరసం, చర్మంపై మచ్చలు తోడైతే వెంటనే రక్త పరీక్ష చేయించాలి.

కంతిని పోలిన ఇతర వ్యాధులు

పంటి వేరు కొసన చీము పట్టి, అది చిగురులో నుంచి బయటికి దారి చేసుకొన్నప్పుడు చిన్న బుడిపె ఏర్పడుతుంది. నొక్కితే చీము వస్తుంది. ఇది కంతి కాదు. ఆ పంటికి వేరు వైద్యం చేస్తే మానిపోతుంది. జ్ఞానదంతం సగం మొలిచిన చోట దాన్ని కప్పిన చిగురు వాచడం కూడా సాధారణమే. దవడ లోపలి వైపున ఏర్పడే ఎముక ఉబ్బులు రాయివలె గట్టిగా ఉంటాయి, వాటికి వైద్యం అక్కరలేదు.

చిగురు కాన్సరును మాత్రం ఎన్నడూ మరువరాదు. మన దేశంలో పొగాకు నమలడం, వక్క, గుట్కా, చుట్ట, బీడీల వలన చిగురు, చెంప కాన్సర్లు ఎక్కువ. ఆకూవక్కతో పొగాకు కలిపి ఒకే బుగ్గన పెట్టుకొనే అలవాటున్నవారికి సరిగ్గా ఆ చోటనే పుండు లేస్తుంది. శరీరంలో మరొకచోట ఉన్న కాన్సరు రక్తం ద్వారా చిగురుకు వ్యాపించడం అరుదుగా జరుగుతుంది, అది చూడడానికి రక్తనాళ కంతివలెనే ఉంటుంది. ఈ కింది లక్షణాలలో ఏది ఉన్నా ఆలస్యం చేయరాదు:

* రెండు మూడు వారాలైనా మానని పుండు
* అంచులు గట్టిపడి, ఉపరితలం గరుకుగా కాలీఫ్లవర్ పువ్వువలె ఉండడం
* కారణం లేకుండా పళ్ళు కదలడం, పన్ను తీసిన గుంట మానకపోవడం
* పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం
* మెడలో గట్టి బిళ్ళలు
* నోరు తెరవడం కష్టం కావడం
* చిగురుపై తెల్లని లేదా ఎర్రని మచ్చ

రోగ నిర్ధారణ

వైద్యుడు మొదట కంతి ఎప్పుడు మొదలైనది, ఎంత వేగంగా పెరిగినది, రక్తం కారుతున్నదా, రోగి వాడే మందులు ఏవి, పొగాకు అలవాటు ఉన్నదా, స్త్రీలైతే గర్భవతియా అని అడుగుతాడు. రోగి తాను వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకొని వెళ్ళడం మంచిది. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

తరువాత కంతి రంగు, గట్టితనం, కాడ, చుట్టుపక్కల పళ్ళ స్థితి, మెడలోని గ్రంథులు చూస్తారు. చిన్న ఎక్స్‌రే తీసి అడుగున ఎముక తరిగినదా, కంతిలో సున్నపు రేణువులు ఉన్నవా, పంటి వేరు కొసన చీము ఉన్నదా అని గమనిస్తారు. ఎముక ఎక్కువగా తరిగితే సి.టి. స్కాన్ అవసరమవుతుంది. రక్తహీనత, రక్తం గడ్డకట్టే సమయం, చక్కెర పరీక్షలు శస్త్రచికిత్సకు ముందు చేస్తారు.

నిర్ధారణకు చివరి ప్రమాణం ముక్క పరీక్ష. చిన్న కంతిని మొత్తంగా తీసి పరీక్షకు పంపుతారు. పెద్దదిగా ఉన్నప్పుడు, కాన్సరు అనుమానం ఉన్నప్పుడు ముందుగా చిన్న ముక్కను మాత్రమే తీసి పరీక్షిస్తారు. తీసిన ముక్కను 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో ఉంచి పంపాలి. నీటిలోగాని, సెలైన్‌లోగాని చాలాసేపు ఉంచితే కణాలు చెడిపోయి పరీక్షకు పనికిరావు.

కంతిని తీసి పారవేయడం వలన కలిగే నష్టం పెద్దది. అది కాన్సరే అయితే ఆ సంగతి తెలియక కొన్ని నెలలు గడిచిపోతాయి. తిరిగి పెరిగినప్పుడు "మళ్ళీ అదే కంతి" అనుకొని మరికొంత కాలం ఊరుకుంటారు. ముక్క పరీక్ష చేస్తే కాన్సరు వ్యాపిస్తుందనే భయం జనంలో ఉన్నది. అది నిరాధారం. పరీక్ష చేయకుండా గడిచిపోయే కాలమే కాన్సరుకు అనుకూలం.

చికిత్స

చికిత్సలో రెండు భాగాలు ఉన్నాయి: కంతిని తీయడం, దానికి కారణమైనదాన్ని తొలగించడం. రెండవది చేయకపోతే మొదటిది నిలువదు.

ముందుగా పళ్ళ గారను తొలగిస్తారు. దీనివలన వాపు తగ్గి, శస్త్రచికిత్సలో రక్తస్రావం తగ్గుతుంది. చిన్నవైన రక్తనాళ కంతులు కొన్ని దీనితోనే చాలావరకు కుంచించుకుపోతాయి. తరువాత చిగురుకు మత్తు సూది వేసి, కంతిని చుట్టూ కొద్దిపాటి మంచి కండతో సహా, అడుగున ఎముక పైపొర వరకు కోసి తీస్తారు. సున్నపు కంతిలో, మహాకణ కంతిలో పంటి వేరు పక్కనున్న నారపొరను కూడా గోకి శుభ్రం చేస్తారు. పక్కనున్న పళ్ళను ఊరికే తీయరాదు. పన్ను బాగా కదులుతున్నప్పుడో, కంతి పలుమార్లు తిరిగి వచ్చినప్పుడో మాత్రమే ఆ ఆలోచన చేస్తారు.

కత్తితో పాటు విద్యుత్ కాటరీ, లేజరు కూడా వాడుకలో ఉన్నాయి. లేజరుతో రక్తస్రావం తక్కువ, కుట్లు సాధారణంగా అక్కరలేదు. అయితే వేడి వలన ముక్క అంచులు మాడి పరీక్షకు ఇబ్బంది కలుగవచ్చు. ఫలితం విషయంలో పరికరంకంటె మూలాన్ని పూర్తిగా తీయడమే ప్రధానం.

కోసిన చోటు సాధారణంగా ఒకటి రెండు వారాలలో మానుతుంది. మొదటి రోజు గట్టిగా పుక్కిలించరాదు, వేడి పదార్థాలు, కారం తినరాదు. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చు. రక్తం కారితే శుభ్రమైన గుడ్డ మడతను ఆ చోట పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు కరచి ఉంచాలి. పరీక్ష ఫలితం వచ్చిన తరువాత తప్పక వెళ్ళి తెలుసుకోవాలి. కనీసం ఒక సంవత్సరంపాటు అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది.

గర్భిణులకు చికిత్స

గర్భిణులలో తొందరపడి కోయరు. పళ్ళు శుభ్రం చేయించి, మెత్తని బ్రష్షు వాడించి, ప్రసవం వరకు వేచి చూస్తారు. గర్భకాలంలో తీసిన కంతి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రక్తం ఆగకుండా కారుతున్నా, నమలడానికి వీలుకాకున్నా నాలుగవ నెల నుంచి ఆరవ నెల వరకు గల కాలంలో తీయడం అనుకూలం. దంతవైద్యంలో వాడే లిగ్నోకెయిన్ మత్తు గర్భిణులకు ఇవ్వదగినదే. టెట్రాసైక్లిన్ మందులు శిశువు పళ్ళ రంగును చెడగొడతాయి కనుక ఇవ్వరాదు. "గర్భిణి పళ్ళకు వైద్యం చేయించరాదు" అనే నమ్మకానికి ఆధారం లేదు. పళ్ళు శుభ్రం చేయించుకోవడం ఏ నెలలోనైనా చేయదగిన పని.

మందుల వలన వచ్చినప్పుడు

మూర్ఛ మందు వలన చిగుళ్ళు పెరిగాయని తెలిసిన వెంటనే కొందరు మందు మానివేస్తారు. ఇది ప్రాణాపాయం. మందు హఠాత్తుగా ఆగితే మూర్ఛలు ఆగకుండా వరుసగా రావచ్చు. మందు రాసిన వైద్యునే కలిసి, వేరొక మందుకు క్రమంగా మార్చే వీలు ఉన్నదేమో అడగాలి. రక్తపోటు మందులకు కూడా ఇదే వర్తిస్తుంది. మందు మార్చి, నోటి శుభ్రత పాటిస్తే కొన్ని నెలలలో చిగుళ్ళు చాలావరకు తగ్గుతాయి. తగ్గని భాగాన్ని కోసి సరిచేస్తారు.

కడప ప్రాంతంలో వైద్య సౌకర్యాలు

వైఎస్సార్ కడప జిల్లాలో కమలాపురం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలు చుట్టుపక్కల పల్లెలకు వైద్య కేంద్రాలు. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఈ ప్రాంతంలో ఆధునిక వైద్యాన్ని పరిచయం చేసిన తొలి సంస్థలలో ఒకటి. తరువాతి కాలంలో ఇది దక్షిణ ఇండియా సంఘం ఆధ్వర్యంలోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి వైద్యవిద్య ముగించిన తరువాత కొంతకాలం ఇక్కడ వైద్యాధికారిగా పనిచేసి, 1973లో పులివెందులలో తన తండ్రి పేర ఆసుపత్రి నెలకొల్పాడు.

దంతవైద్య విద్య ఈ జిల్లాకు ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడగా, కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ (రిమ్స్) 2006లో ప్రారంభమైన తరువాతనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల వచ్చింది. ఇటువంటి కళాశాలలో చిగుళ్ళ వైద్యులు, నోటి శస్త్రవైద్యులు, నోటి రోగనిదాన నిపుణులు ఒకే చోట ఉంటారు కనుక కంతిని తీయడం, పరీక్షించడం అక్కడే జరుగుతాయి. కమలాపురం నుంచి కడప సుమారు 25 కిలోమీటర్ల దూరం. రోడ్డు, రైలు మార్గాలు రెండూ ఉన్నాయి.

ప్రైవేటు దంతవైద్యశాలలో కంతి తీయించుకొన్నవారు, ముక్కను పరీక్షకు పంపినదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి. పరీక్ష ఫలితపు కాగితాన్ని జాగ్రత్త పరచుకోవాలి. కంతి తిరిగి వస్తే తరువాతి వైద్యునికి అదే మొదటి ఆధారం. కాన్సరు అని తేలిన పేదలకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం కింద చికిత్స లభిస్తుంది.

అపోహలు, హానికరమైన అలవాట్లు

కంతి మొదట దారంగాని, వెంట్రుకగాని బిగించి కట్టడం, సున్నం లేదా ఆమ్లం పూయడం, కాల్చడం, సూదితో పొడవడం వంటివి పల్లెలలో ఇప్పటికీ అక్కడక్కడ వింటాము. దారం కట్టినప్పుడు పై భాగం ఎండి రాలిపోయినా మూలం మిగిలే ఉంటుంది, పుండు చీము పడుతుంది, పరీక్షకు ముక్క మిగలదు. సున్నం, ఆమ్లం చిగురునే కాక ఎముకను కూడా కాల్చివేస్తాయి. పంటి నొప్పికి లవంగనూనె కొంత ఉపశమనం ఇస్తుంది, కాని కంతిపై దానికి ప్రభావం లేదు.

రక్తం కారుతున్నదని కొందరు ఆ వైపు తోముకోవడం మానివేస్తారు. దానితో అక్కడ పాచి మరింత పేరుకొని కంతి ఇంకా పెరుగుతుంది. రక్తం కారినా మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయడమే సరైనది.

నివారణ

* రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు, పళ్ళు తోముకోవాలి. వేపపుల్ల, కానుగపుల్ల వాడేవారు కొసను బాగా నమిలి మెత్తని కుంచెవలె చేసుకొని, చిగురును గీరకుండా తోముకోవాలి.
* ఇటుకపొడి, బొగ్గు, ఉప్పురవ్వలతో తోమడం మానాలి. ఇవి పంటిని అరగదీసి చిగురును గాయపరుస్తాయి.
* వీలైతే ఆరు నెలలకొకసారి, కనీసం సంవత్సరానికొకసారి దంతవైద్యుని కలవాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది అపోహ. గార పట్టి అప్పటికే వదులైన పళ్ళు, గార తీసినప్పుడు బయటపడతాయి, అంతే.
* విరిగిన, పుచ్చిన పళ్ళకు సకాలంలో వైద్యం చేయించాలి.
* కట్టుడు పళ్ళను రాత్రిపూట తీసి నీటిలో ఉంచాలి. వదులైతే సరిచేయించుకోవాలి లేదా మార్చుకోవాలి.
* పెళ్ళయి బిడ్డను కోరుకొనే స్త్రీలు ముందుగానే పళ్ళు చూపించుకోవడం మేలు.
* ఫెనిటోయిన్ వంటి మందులు మొదలుపెట్టిన నాటి నుంచే నోటి శుభ్రతపై శ్రద్ధ పెంచాలి.
* పొగాకు, గుట్కా, వక్క మానాలి.
* నెలకొకసారి అద్దం ముందు పెదవులు, బుగ్గలు లాగి చిగుళ్ళను స్వయంగా చూసుకోవాలి. రెండు మూడు వారాలకు మించి నిలిచిన ఏ బుడిపెనైనా, పుండునైనా, నొప్పి లేకపోయినా, వైద్యునికి చూపించాలి.

ఇవి కూడా చూడండి

* చిగురు
* దంతాలు
* దంతక్షయం
* పొగాకు
* కాన్సర్
* మూర్ఛ
* కమలాపురం